కొత్త ఇంటికి ఏ మెటీరియల్ ఎప్పుడు ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత స్థలంలో ఇల్లు మొదలుపెట్టినవాళ్లు అడిగే సందేహాలు తిప్పి తిప్పి అవే ఉంటాయి. ఏది కొనాలో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఎప్పటికల్లా తేల్చుకోవాలో చెప్పేవాళ్లే తక్కువ. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. రెండు తెలుగు రాష్ట్రాల్లో 150 నుంచి 250 గజాల స్థలంలో కట్టుకునే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. మీ పని ఏ దశలో ఉందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.

## పునాది తీయకముందు

ఇంకా ముగ్గు కూడా పోయలేదు. టైల్స్, కుళాయిల గురించి ఇప్పుడే ఆలోచించాలా?

రంగు, డిజైన్ ఇప్పుడు అక్కర్లేదు. రకం, సైజు, మందం మాత్రం ఇప్పుడే అనుకోవాలి. ఇంట్లో కనిపించే ప్రతి వస్తువు వెనకా గోడలోనో స్లాబులోనో కనిపించనిది ఒకటి ఉంటుంది. అది పైపు కావచ్చు, బాక్సు కావచ్చు, కన్నం కావచ్చు. దాన్ని మూసేసే రోజే మీకు గడువు. షవర్ బిగించేది చివర్లోనే అయినా దాని పైపు ప్లాస్టరింగ్‌కి ముందే గోడలోకి వెళ్లిపోతుంది.

పునాదికి ముందు ఒక సాయంత్రం ఇంట్లోవాళ్లంతా కూర్చోండి. నేలకి రాయా, టైలా? బాత్రూముల్లో ఏ రకం కమోడ్? ఏ గదుల్లో ఏసీలు? కిటికీలు చెక్కవా, యూపీవీసీవా (గట్టి ప్లాస్టిక్)? ఫాల్స్ సీలింగ్ ఉంటుందా? మేడ మీద సోలార్ పెడతారా? జవాబులు కాగితం మీద రాసి ఇంజనీరుకో కాపీ, మేస్త్రికో కాపీ ఇవ్వండి. మాటగా చెప్పినవి స్లాబు రోజుకి ఎవరికీ గుర్తుండవు.

ఎర్ర ఇటుకా, సిమెంటు ఇటుకా, ఏఏసీ బ్లాకా? గోడలు లేపేటప్పుడు చూసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ఏఏసీ బ్లాకు అంటే లోపల గాలి బుడగలుండే కాంక్రీటు దిమ్మె, ఎర్ర ఇటుక కంటే బాగా తేలిక. గోడల బరువును బట్టే ఇంజనీరు బీములు, కాలమ్‌లు, పునాది డిజైన్ చేస్తారు కాబట్టి ఆ డ్రాయింగు వేయించేముందే తేల్చాలి. తేలిక బ్లాకుకి డిజైన్ చేసిన ఇంటికి తర్వాత బరువు ఇటుక వాడాలనుకుంటే ఇంజనీరుని అడగకుండా ముందుకు వెళ్లకండి. ఏఏసీ గోడకి గీజర్, టీవీ, అల్మారా లాంటి బరువులు తగిలించాలంటే దానికి తగ్గ యాంకర్లు కావాలి, మామూలు మేకు పట్టదు.

కాంట్రాక్టర్ "అన్నీ మంచి క్వాలిటీవే వేస్తాం" అంటున్నాడు. అగ్రిమెంటులో ఏం రాయించుకోవాలి?

"మంచి క్వాలిటీ", "స్టాండర్డ్ ఫిట్టింగులు" అనే మాటలు ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. సిమెంటు, స్టీలు, వైర్లు, పైపులకు కంపెనీ పేరు, గ్రేడు రాయించాలి. స్టీలు అయితే ఎఫ్ఈ 500డీ అనో 550డీ అనో స్పష్టంగా ఉండాలి. టైల్స్, గ్రానైట్, కుళాయిలు మీరు తర్వాత ఎంచుకునేవి కాబట్టి వాటికి బేసిక్ రేటు రాయించండి: టైలు చదరపు అడుగుకి ఇంత, ఒక్కో బాత్రూముకి ఫిట్టింగులు ఇంత అని. రేటు దాటితే తేడా మీరు కడతారు. తగ్గితే ఆ తేడా మీకు వెనక్కి రావాలని కూడా రాయించండి, ఈ మాట చాలా అగ్రిమెంట్లలో ఉండదు. జీఎస్టీ, రవాణా, దింపుడు కూలి, పగిలిన టైల్స్ ఎవరి ఖాతాలోకి వస్తాయో కూడా అందులోనే తేలాలి. గొడవలు ఎక్కువగా వచ్చేది ఈ చిన్న ఖర్చుల దగ్గరే.

ఎస్టిమేట్ వేయించి చాలా రోజులైంది. అదే పట్టుకుని వెళ్లొచ్చా?

మళ్లీ వేయించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు వేసిన ఎస్టిమేట్‌లో ఆ తగ్గింపు ఉండదు. మిగతా రేట్లు, కూలీలు ఎటూ మారుతూనే ఉంటాయి.

ధర తక్కువున్నప్పుడు సిమెంటు, స్టీలు మొత్తం ఒకేసారి కొని పెట్టుకుంటే?

సిమెంటు వద్దు. గాలిలో తేమ తగిలి బలం తగ్గిపోతుంది. మూడు నెలలు దాటిన బస్తాని పరీక్ష చేయించకుండా వాడకూడదు. వానాకాలంలో అంతకంటే ముందే గడ్డ కడుతుంది. రెండు మూడు వారాల పనికి సరిపడా తెప్పించుకుని, నేలకి తగలకుండా చెక్కల మీద, గోడకి దూరంగా పేర్చండి. స్టీలు ఒక స్లాబుకి సరిపడా తెచ్చుకోవచ్చు, అదీ నేల మీద కాకుండా దిమ్మెల మీద పెట్టి కప్పి ఉంచితేనే.

## స్లాబు వేయకముందు

కమోడ్ ఏ రకమో స్లాబుకి ముందే చెప్పాలని మేస్త్రి అంటున్నాడు. నిజమేనా?

నిజమే, ఇందులో మేస్త్రి మాట వినండి. బాత్రూము అడుగున స్లాబు కిందికి దించి వేయాలా, మామూలు మట్టానికే వేసి పైపులు కింది గది సీలింగులో తిప్పాలా అన్నది కమోడ్‌ని బట్టి, పైపులు వెళ్లే దారిని బట్టి ఉంటుంది. పై అంతస్తులో నేల కమోడ్ (ఇండియన్ టైపు) పెట్టాలంటే స్లాబు దించక తప్పదు.

వెస్టర్న్ కమోడ్‌లోనూ రకాలున్నాయి. ఎస్ ట్రాప్ అయితే నీళ్లు నేలలోకి పోతాయి, పీ ట్రాప్ అయితే గోడలోకి. ఎస్ ట్రాప్‌కి గోడ నుంచి పైపు మధ్యకి ఎంత దూరముండాలో ప్రతి మోడల్ కాగితం మీదా రాసి ఉంటుంది. ఆ దూరం టైలు వేశాక ఉండే గోడ నుంచి కొలవాలి, ఇటుక నుంచి కాదు. ప్లాస్టరింగు, టైలు కలిపి అంగుళంన్నర దాకా తినేస్తాయి. గోడకి వేలాడే కమోడ్ కావాలంటే ట్యాంకు దాచడానికి వెనక అదనంగా దాదాపు అరడుగు గోడ మందం పోతుంది. చిన్న బాత్రూములో అరడుగు చాలా పెద్ద కొలత. అందుకే మోడల్ ఇప్పుడే ఎంచుకోండి. కొనడం తర్వాతైనా ఫర్వాలేదు.

మెట్ల మీద గ్రానైట్ వేస్తామా, టైల్స్ వేస్తామా అన్నది ఇప్పుడే ఎందుకు?

మెట్ల ఎత్తులు సమానంగా రావాలంటే నేల మందం, మెట్టు మీద వేసే రాయి మందం రెండూ సెంట్రింగ్ కొట్టేవాళ్లకి తెలియాలి. ఒక లెక్క చూడండి. మెట్టు ఎత్తు ఆరున్నర అంగుళాలు అనుకుని అన్ని మెట్లూ అంతే ఎత్తులో కాంక్రీటు పోశారు. తర్వాత హాల్లో మాలు, రాయి కలిపి 3 అంగుళాలు పెరిగింది. మెట్ల మీద రాయి, మాలు కలిపి అంగుళంన్నరే పెరిగింది. ఇప్పుడు కింది మొదటి మెట్టు 5 అంగుళాలకి పడిపోతుంది. పైన చివరి మెట్టు, పై నేల కూడా 3 అంగుళాలు పెరిగింది కాబట్టి, 8 అంగుళాలవుతుంది. మధ్యలోవన్నీ ఆరున్నరే. రోజూ ఎక్కి దిగే కాలు ఒక ఎత్తుకి అలవాటు పడుతుంది. ఎత్తు మారిన ఆ ఒక్క మెట్టు దగ్గరే పెద్దవాళ్లు తూలిపడతారు.

ముందే తెలిస్తే కాంక్రీటులో మొదటి మెట్టు 8, చివరిది 5 పోస్తారు. ఫినిషింగ్ అయ్యాక అన్నీ ఆరున్నరకి వస్తాయి. పైసా ఖర్చు లేదు. తర్వాత సరిచేయాలంటే మెట్లు చెక్కాలి, లేదా నేల మందం మార్చాలి. ఇంటి మొత్తంలో నేను అన్నిటికంటే ముందు అడిగి తెలుసుకునే విషయం ఇదే.

స్లాబులో కరెంటు పైపులు వేస్తున్నారు. లైట్లు ఇంకా ఎంచుకోలేదు. ఎలా?

మోడల్ అక్కర్లేదు, చోటు చాలు. ఫ్యాన్ బాక్సులు మంచం, డైనింగ్ టేబుల్, సోఫా ఎక్కడ వస్తాయో చూసి పెట్టించండి. గది మధ్యలోనే పెట్టాలని రూలేమీ లేదు. ఫాల్స్ సీలింగ్ ఉన్న గదులేవో చెప్పేస్తే అక్కడ స్లాబులో అనవసరపు పాయింట్లు తప్పుతాయి. సోలార్ ఆలోచన ఉంటే మేడ మీద నుంచి మీటరు బోర్డు దాకా ఒక ఖాళీ పైపు వేయించి పెట్టుకోండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇళ్లకి 78,000 రూపాయల దాకా కేంద్ర సబ్సిడీ ఉంది. ప్యానెళ్లు రెండేళ్ల తర్వాత పెట్టినా పైపు ఉంటే గోడ బయట వైర్లు వేలాడవు.

## గోడలు, గుమ్మాలు

టేకు గుమ్మాలు ఎప్పుడు ఆర్డర్ ఇవ్వాలి? గడప ముహూర్తం దగ్గర పడుతోంది.

పునాది పని మొదలైన వారంలోనే కలప కొట్టుకి వెళ్లండి. ఆరిన చెక్క వెంటనే దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. పచ్చి చెక్కతో చేసిన గుమ్మం ఏడాదిలో వంకర తిరుగుతుంది, తలుపు పట్టదు.

మన దగ్గర బలార్షా టేకుకి పేరు, ధర కూడా అలాగే ఉంటుంది. సూడాన్ టేకు అని దిగుమతి చెక్క తక్కువలో వస్తుంది. ఏదైనా సరే, చేవ ఎంత, పైనుండే తెల్ల చెక్క ఎంత అన్నది కోసిన ముక్క చూసి తేల్చుకోండి. చెదలు ముందు పట్టేది తెల్ల చెక్కనే. కొలత ఘనపుటడుగుల్లో ఉంటుంది కాబట్టి కోసేటప్పుడు పోయే వృథా ఎవరిదో ముందే మాట్లాడుకోండి. ఇంటి మొత్తానికీ టేకు అక్కర్లేదని నా అభిప్రాయం. సింహద్వారం, పూజగది టేకు పెట్టుకుని, లోపలి గదులకి వేప, మద్ది లాంటివి ఆరినవి చూసి వాడుకోవచ్చు. బాత్రూములకి గ్రానైట్ ఫ్రేమో డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) ఫ్రేమో మేలు, అడుగున నీళ్లు తగిలి పుచ్చిపోయే బాధ ఉండదు.

గడప నిలబెట్టేముందు లోపల నేల ఎంత ఎత్తుకి వస్తుందో మేస్త్రి చేత గోడ మీద గీత గీయించండి. ఆ గీత లేకుండా నిలబెడితే, నేల పరిచాక గడప రాతిలో మునిగిపోతుంది, లేదంటే కాలికి తగిలేంత ఎత్తులో మిగులుతుంది. గోడలో కలిసే వైపు ప్రైమర్ పూయించాలి. పూజ అయిన మర్నాడే గడప మీద ప్లైవుడ్ ముక్క కొట్టించండి. ఆరు నెలల పాటు మాలు తట్టలు, రాళ్లు దాని మీదుగానే లోపలికి వెళ్తాయి.

యూపీవీసీ కిటికీలైతే గోడ కట్టేటప్పుడే తెచ్చి పెట్టాలా?

అవసరం లేదు. గోడలో ఖాళీ వదిలి, అంచులు ప్లాస్టర్ చేశాక కొలత తీసుకుని తయారు చేస్తారు. అయితే దోమల మెష్ కోసం ఇంకో ట్రాక్ కావాలా, గ్రిల్ లోపలా బయటా అన్నది గోడ దశలోనే చెప్పాలి, ఫ్రేమ్ వెడల్పు దాన్ని బట్టి మారుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుప గ్రిల్స్ తొందరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు అయినా అక్కడ 304 కంటే 316 గ్రేడు ఎక్కువ కాలం నిలుస్తుంది.

## ప్లాస్టరింగ్‌కి ముందు

కుళాయిలు బిగించేది చివర్లో కదా. ప్లంబర్ ఇప్పుడే కొనమంటున్నాడేంటి?

అన్నీ కొనక్కర్లేదు. గోడలో దాగేవి మాత్రం కొనాల్సిందే: డైవర్టర్ (నీళ్లని షవర్‌కో కుళాయికో మళ్లించేది) బాడీ, కన్సీల్డ్ వాల్వులు, కమోడ్ ట్యాంకు దాచేదైతే అది. డైవర్టర్ లోపలి బాడీ ఏ కంపెనీదో పైన వచ్చే హ్యాండిలూ ప్లేటూ ఆ కంపెనీవే అయ్యుండాలి, మోడల్ కూడా సరిపోవాలి. కాబట్టి బాడీ కొన్న రోజే షవర్, స్పౌట్ ఎంపిక కూడా దాదాపు అయిపోయినట్టే.

బాడీ మీద లోతు గుర్తులుంటాయి. టైలు వేశాక గోడ ముఖం ఆ రెండు గుర్తుల మధ్యలోకి రావాలి. లోపలికి ఎక్కువ పోతే హ్యాండిల్ అందదు, బయటికి వస్తే ప్లేటు గోడకి ఆనదు. ప్లంబర్ బిగించేటప్పుడు టైలు మందం చెప్పండి, వీలైతే ఒక టైలు ముక్క చేతికివ్వండి. మూసేముందు పైపుల్లో ప్రెషర్ పెట్టించి ఒక రాత్రి వదిలేయండి.

మాడ్యులర్ కిచెన్ వాళ్లని ఎప్పుడు పిలవాలి?

రెండుసార్లు. మొదటిసారి గోడకి గాడి కొట్టకముందు. సింకు, స్టవ్, చిమ్నీ, ఫ్రిజ్, వాటర్ ప్యూరిఫయర్, మిక్సీ ఎక్కడెక్కడో గోడ మీద సుద్దతో గీయించుకోండి. పాయింట్లు, నీళ్ల పైపు, చిమ్నీ కన్నం అన్నీ దాన్నిబట్టే పోతాయి. ప్లాట్‌ఫామ్ ఎత్తు ఎక్కువ వండేవాళ్లని నిలబెట్టి నిర్ణయించండి. మామూలుగా 32 నుంచి 34 అంగుళాలు పెడతారు కానీ పొడవున్నవాళ్లకి అది నడుం నొప్పి తెచ్చిపెడుతుంది. రెండోసారి నేల, గోడ టైల్స్ అయ్యాక, అసలు కొలతల కోసం. ఫ్లోరింగ్ కాకముందు తీసుకున్న కొలతలతో అల్మారాలు తయారీకి ఇవ్వొద్దు.

ఏసీలు ఇప్పుడే కొనం. పాయింటు వదిలేస్తే చాలా?

కరెంటు పాయింటు ఒక్కటే చాలదు. నీళ్లు పోయే పైపు వాలుగా గోడలో వేయించండి, రాగి గొట్టం వెళ్లే దారి, బయటి యూనిట్ పెట్టే చోటు తేల్చండి. ప్రతి ఏసీకీ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) ఉండాలి. గీజర్‌కీ అంతే.

## ఫ్లోరింగ్

టైల్సా, గ్రానైటా, బండలా? ఒకటి చెప్పండి.

ఇల్లంతా ఒకటే వేయాలని లేదు. పార్కింగుకి, చుట్టూ నడిచే దారికి, మేడ మెట్లకి మన తాండూరు, బేతంచెర్ల బండల్ని మించినవి లేవంటాను. గరుకుగా ఉంటే వానలో జారవు. అవి సున్నపురాయి జాతి కాబట్టి నిమ్మరసం, చింతపండు, యాసిడ్ పడితే మచ్చ తింటుంది. వంటింట్లో, బాత్రూములో వద్దు. మార్బుల్‌కీ ఇదే ఇబ్బంది. వంటింటి ప్లాట్‌ఫామ్‌కి గ్రానైట్ వేయండి. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ దేశాలు దాటి వెళ్తుంది, మనకి పక్కనే దొరుకుతుంది.

గదులకి విట్రిఫైడ్ టైల్స్ పని తొందరగా తెముల్తుంది, నీరు పీల్చేది అర శాతం లోపే. బాత్రూము నేలకి మాత్రం మ్యాట్ ఫినిష్ తప్ప ఇంకేదీ చూడకండి, షోరూములో ఎంత మెరిసినా సరే.

గ్రానైట్ హాలుకి వేయాలనుకుంటే గోడలు లేచే సమయానికే యార్డులు చూడటం మొదలుపెట్టండి. ఒకే బ్లాకులోంచి కోసిన పలకలు మీ మొత్తం కొలతకి సరిపడా ఉన్నాయో లేదో అడిగి, ఎంచుకున్న ప్రతి పలక మీదా మీ గుర్తు వేయించండి. రెండు బ్లాకులు కలిస్తే హాల్లో తేడా గీత గీసినట్టు కనిపిస్తుంది.

టైల్స్ ఎప్పుడు కొనాలి? ఎన్ని బాక్సులు?

ప్లాస్టరింగు నడుస్తుండగా ఎంచుకోండి, అది అయ్యాక గదులు మళ్లీ కొలిచి కొనండి. ప్లాను మీద కొలతకీ ప్లాస్టరింగు అయ్యాక కొలతకీ తేడా వస్తుంది. 2 బై 2 టైల్స్ బాక్సులో నాలుగు, 2 బై 4 అయితే రెండు ఉంటాయి. ఎలాగైనా బాక్సుకి దాదాపు 15.5 చదరపు అడుగులు. నేల, స్కర్టింగ్ కలిపి 1,000 చదరపు అడుగులుంటే కోతలకి, పగుళ్లకి పది శాతం కలిపి 1,100 అవుతుంది, అంటే 71 బాక్సులు. అన్ని బాక్సుల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా అని దింపేటప్పుడే చూడండి, పరిచాక ఎవరూ మార్చి ఇవ్వరు. పని అయ్యాక ఒక బాక్సు అటక మీద దాచండి. మూడేళ్ల తర్వాత అదే డిజైన్ మార్కెట్‌లో దొరకడం కష్టం.

బాత్రూము వాటర్‌ప్రూఫింగ్ అయిందంటున్నారు. టైల్స్ వేయమననా?

నీళ్లు కట్టి కనీసం 24 గంటలు ఆపి, కింది సీలింగు తడవలేదని చూశాకే. ముహూర్తం ఎంత దగ్గరున్నా ఈ ఒక్క రోజు వదలొద్దు.

## రంగులు, గృహప్రవేశం

గోడకి రంగు ఎప్పుడు ఎంచుకోవాలి?

ఫ్లోరింగ్ పూర్తయ్యాక. నేల రంగు పడితే గోడ రంగు వేరేలా కనిపిస్తుంది. షేడ్ కార్డు చూసి నిర్ణయించకండి. చిన్న డబ్బా తెప్పించి రెండు గోడల మీద రెండడుగుల మేర పూయించి, పగటి వెలుతురులో, రాత్రి లైట్ల కింద చూడండి. కొత్త ప్లాస్టరింగుకి నీళ్లు కొట్టడం ఆపాక ఆరడానికి సమయమివ్వాలి. నెల లోపే లప్పం, రంగు వేస్తే పొరలు లేస్తాయి. చివరి కోటు మాత్రం వడ్రంగి పని, స్విచ్చులు అయ్యాకే వేయించండి. బయటి గోడల రంగు వానలు తగ్గాకే.

ఆషాఢం ముందే గృహప్రవేశం పెట్టేశాం. పని పూర్తయ్యేలా లేదు. ఏవి ముందు చేయించాలి?

పాలు పొంగించే వంటిల్లు, పూజగది, సింహద్వారం, ఒక బాత్రూము, హాలు నేల. ఇవి ఉంటే శుభకార్యం నిండుగా జరుగుతుంది. ఫాల్స్ సీలింగ్, అల్మారా తలుపులు, బయటి రంగు తర్వాత నెమ్మదిగా చేయించుకోవచ్చు. ముహూర్తం కోసం తడి గోడకి లప్పం పెట్టించడం కంటే ప్రైమర్ లేని గోడల మధ్య వ్రతం చేసుకోవడం వెయ్యి రెట్లు నయం. మీ రంగులవాళ్లు, టైల్స్ పనివాళ్లు బీహార్, యూపీ నుంచి వచ్చినవాళ్లయితే హోలీకో ఛఠ్ పూజకో ఊరెళ్తారు. తేదీ పెట్టుకునేటప్పుడే వాళ్లనీ ఒకమాట అడగండి.

స్లాబులయ్యేసరికే డబ్బు సన్నగిల్లింది. ఎక్కడ తగ్గించుకోవచ్చు?

పైపైన ఉండేవాటిలో తగ్గించండి. లైట్లు, అల్మారా తలుపులు, ఎలివేషన్ రాళ్లు, పై అంతస్తు ఫ్లోరింగ్ వాయిదా వేయొచ్చు. హాలుకి ఖరీదైన టైలు బదులు మామూలు విట్రిఫైడ్ వేసినా ఇంటికి వచ్చే లోటేమీ లేదు. వైర్లు, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, డైవర్టర్ల దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించొద్దు. వాటిని మార్చాలంటే మిగతావన్నీ పగలగొట్టాలి.

మేం అమెరికాలో ఉంటాం, ఇల్లు ఊళ్లో కడుతున్నారు. ఒక్కసారే రాగలం. ఎప్పుడు రావాలి?

చాలామంది గృహప్రవేశానికి వస్తారు. ఆ ఒక్కసారే అయితే వేరే సంగతి. ఇంకోసారి వీలు చేసుకోగలిగితే గోడలు పూర్తయి ప్లాస్టరింగ్ మొదలవకముందు రండి. గదులు నిజంగా ఎంతున్నాయో అప్పుడే తెలుస్తుంది, మార్పులు ఇంకా చౌకగా అవుతాయి. ఆ వారంలోనే బాత్రూము ఫిట్టింగులు, టైల్స్, గ్రానైట్ చేత్తో తాకి చూసి ఎంచుకోండి. వీడియో కాల్‌లో రంగు నమ్మొద్దు.

వెళ్లేముందు ఇంకో పని ఉంది. ప్రతి గదిలో ప్రతి గోడకీ, గాడుల్లో పైపులు కనిపిస్తుండగా, పక్కన కొలత టేపు పెట్టి ఫోటోలు తీయండి. నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరమో అందులో చదవగలిగేలా ఉండాలి. ఫోటోకి గది పేరు, గోడ దిక్కు రాసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచండి. రేపు టీవీ బిగించడానికి గోడకి డ్రిల్లు పెట్టే మనిషికి ముందు అవి చూపించాలి.